పాత స్ప్లెండర్‌కి తక్కువ ఖర్చులో కొత్త రంగు: ట్యాంక్ విప్పడం దగ్గర్నుంచి ఆర్‌సీ దాకా

సెకండ్ హ్యాండ్‌లో పాత హీరో హోండా స్ప్లెండర్ కొన్నవాళ్ళు మన దగ్గర లెక్కలేనంత మంది. ఇంజిన్ ఇంకా చాన్నాళ్ళు లాగేలా ఉంటుంది, మైలేజ్ ఇస్తుంది, స్పేర్లు ఏ మండల కేంద్రంలో అయినా దొరుకుతాయి, కానీ బయటికి చూస్తే ట్యాంక్ రంగు వెలిసిపోయి, పక్కన సొట్ట పడి, సైడ్ ప్యానెల్ లాక్ విరిగిపోయి వైరుతో కట్టేసి ఉంటుంది. షోరూమ్ వైపు వెళ్ళకుండా ఓ నాలుగైదు వేల లోపు ఆ బండిని మళ్ళీ చూడముచ్చటగా ఎలా చేసుకోవాలో మొత్తం చెప్తాను. స్ప్లెండర్ అని రాస్తున్నా గానీ ప్యాషన్, ప్లాటినా, డిస్కవర్, పల్సర్ దేనికైనా పద్ధతి ఇదే.

ముందే ఒక్క మాట. డబ్బు తక్కువుంటే ఎక్కడైనా తగ్గించుకోండి, రెండు చోట్ల మాత్రం వద్దు. ఒకటి ఎమెరీ పేపర్‌తో రుద్దే టైమ్, రెండోది ట్యాంక్ మీద కొట్టే టూకే క్లియర్, అంటే గట్టిపడే హార్డనర్ కలిపి చివర్లో కొట్టే రంగులేని పై పూత. ఇంట్లో కొట్టిన పెయింట్ కొన్నాళ్ళకే పెచ్చులు లేచిపోయినా, బంకులో నాలుగు చుక్కల పెట్రోల్ పడగానే జిగురుజిగురుగా అయిపోయినా, చాలా వరకు ఈ రెండిట్లో ఒకటి ఎగ్గొట్టి ఉంటారు.

రంగు అనుకునే ముందు ఆర్‌సీ తీసి చూడండి

ఆర్‌సీలో బండి రంగు రాసి ఉంటుంది. అదే రంగు మళ్ళీ వేయిస్తే ఏ గొడవా లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు, అందుకే తక్కువ బడ్జెట్ అన్నవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే, ఉన్న రంగే కొత్తగా కొట్టుకుని స్టిక్కర్లు మార్చుకోండి, బండి లుక్ అంతా మారిపోతుంది. లేదు నాకు వేరే రంగే కావాలి అంటే కొట్టుకోవచ్చు, కానీ ఆర్టీఓ ఆఫీసులో అప్లై చేసి ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. మోటార్ వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం బండికి చేసిన మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. 2019లో వచ్చిన సవరణతో పర్మిషన్ లేని ఒక్కో మార్పుకి ఐదు వేలు ఫైనో, ఆరు నెలల దాకా జైలో, రెండూనో పడే ఛాన్స్ ఉంది. బండి ఫైనాన్స్‌లో ఉంటే వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా రంగు మారిందని చెప్పేయండి, రేపు క్లెయిమ్ టైమ్‌లో మాట రాకుండా ఉంటుంది.

ఇంకోటి చాలా మందికి తెలీదు, ఆలివ్ గ్రీన్ అంటే మిలిటరీ రంగు మాత్రం అస్సలు వేయకూడదు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో రూల్ 121 ప్రకారం అది రక్షణ శాఖ బండ్లకి మాత్రమే. బుల్లెట్ల మీద చూసి మోజు పడేవాళ్ళు ఎక్కువ కాబట్టి చెప్తున్నా.

ఇక ఏ రంగు తేలిక అంటే, మొదటిసారి చేసేవాళ్ళు సాలిడ్ కలర్ తీసుకోండి, నలుపు, తెలుపు, ఎరుపు, నీలం ఇలాంటివి. మెటాలిక్‌లో చెయ్యి కొంచెం అటూఇటూ అయినా చారలు చారలుగా కనపడతాయి. మాట్ చూడ్డానికి బాగుంటుంది కానీ దాని మీద తర్వాత రుద్దడం, పాలిష్ పెట్టడం కుదరదు, ఒక చోట పాడైతే ఆ పార్ట్ మొత్తం మళ్ళీ కొట్టాల్సిందే. నలుపు ట్యాంక్ మీద ప్రతి సొట్టా కనపడుతుంది, తెలుపు చాలా దాచేస్తుంది. పసుపు, ఎరుపు లాంటివి కింద ఏముంటే అది పైకి కనిపించే రకం, వాటికి కింద తెల్ల ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే పూత, ఉండాలి, లేకపోతే డబ్బాల మీద డబ్బాలు అయిపోతాయి. ఎండలో ఎప్పుడూ బయటే పెట్టే బండి అయితే ఎరుపు త్వరగా వెలుస్తుంది, అది కూడా లెక్కలో వేసుకోండి.

విప్పడం

బండి మీదే పేపర్లు అంటించి స్ప్రే కొట్టేద్దాం అనుకోవద్దు, అన్నీ విప్పాల్సిందే. సైడ్ ప్యానెల్స్ లాగి, సీటు బోల్టులు తీసి, ట్యాంక్ వెనక బోల్టు తీస్తే ట్యాంక్ కొంచెం పైకెత్తి వెనక్కి లాగితే వచ్చేస్తుంది, లాగేముందు పెట్రోల్ కాక్ ఆఫ్ చేసి పైపు తీయండి, ఫ్యూయల్ గేజ్ ఉన్న మోడల్ అయితే కింద వైర్ కప్లర్ ఉంటుంది అది కూడా. ప్రతి స్టెప్‌కీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి, బోల్టులు ఏ పార్ట్‌వి ఆ పార్ట్ పేరు రాసిన కవర్లో వేసుకోండి, రబ్బర్ బుష్‌లు పారేయొద్దు.

ట్యాంక్‌లో పెట్రోల్ ఆరుబయట ఖాళీ చేయండి, దగ్గర్లో పొయ్యి, సిగరెట్, స్విచ్‌లు ఏవీ ఉండకూడదు. మూత తీసి నీడలో ఒకట్రెండు రోజులు ఆరనివ్వండి. ఖాళీ ట్యాంకే కదా అని సొట్ట తీయడానికి గ్యాస్ మంట గానీ వెల్డింగ్ గానీ పెట్టించొద్దు, పెట్రోల్ లేకపోయినా లోపల ఉండే ఆవిరి చాలు పేలడానికి.

కడగడం, పాత స్టిక్కర్లు తీయడం

స్టిక్కర్లకి హెయిర్ డ్రయ్యర్ వేడి పెట్టి మూల నుంచి మెల్లగా లాగండి, మిగిలిన జిగురుని టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడవండి. తర్వాత అన్ని పార్టులూ అంట్ల సబ్బుతో రెండు సార్లు కడగండి. ఇది చిన్న పనిలా ఉంటుంది కానీ ఇన్నేళ్ళూ పూసిన డ్యాష్‌బోర్డ్ పాలిష్‌లు, చైన్ స్ప్రేలు, వీటిల్లో ఉండే సిలికాన్ ఏ కొంచెం మిగిలినా దాని మీద పెయింట్ నిలవదు, కొట్టగానే చిన్న చిన్న గుంటలు పడతాయి, అప్పుడు ఎంత కొట్టినా పూడవు. కడిగేసరికి నీళ్ళు ఎక్కడా చుక్కలు కట్టకుండా పల్చగా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు.

సొట్టలు, పగుళ్ళు

ప్లాస్టిక్ పార్ట్ వెనక్కి తిప్పి చూడండి, చిన్న అక్షరాల్లో ఏబీఎస్ అనో పీపీ అనో అచ్చు ఉంటుంది. ఏబీఎస్ అయితే మంచిది, పగులు అతుకుతుంది. పాత విరిగిన ఏబీఎస్ ప్యానెల్ ముక్కలు చిన్నవి చేసి గాజు సీసాలో అసిటోన్ పోసి ఒక రాత్రి ఉంచితే పేస్ట్‌లా అవుతుంది, పగులుకి వెనక వైపు నుంచి ఆ పేస్ట్ పూసి మీద సన్నటి జాలీ ముక్క పెట్టి మళ్ళీ పూయండి, ఒక రోజు ఆరితే గట్టిగా పట్టేస్తుంది. పీపీ అయితే అసిటోన్‌కి కరగదు, మామూలు ప్రైమర్ కూడా దానికి పట్టదు, ప్లాస్టిక్ ప్రైమర్ అని అడిగి తెచ్చుకుని ముందు అది కొట్టాలి.

కానీ నిజంగా చెప్పాలంటే స్ప్లెండర్‌కి సైడ్ ప్యానెల్ లాకులు రెండూ విరిగిపోయి ఉంటే అతికే పని పెట్టుకోవద్దు. హైదరాబాద్‌లో అయితే కోఠి దగ్గర పుట్లీబౌలి, విజయవాడలో అయితే ఆటోనగర్, ఇంకెక్కడైనా మీ టౌన్‌లో బైక్ స్పేర్ల షాపులో కంపెనీది కాని ప్యానెల్స్ చాలా తక్కువకే దొరుకుతాయి. రంగు ఎలాగూ మీరే కొడతారు కాబట్టి ఏ రంగులో దొరికితే ఆ రంగు తెచ్చుకోండి, స్టిక్కర్ లేనిది అడిగితే ఇంకా తగ్గుతుంది. కొనేముందు మీ పాతది పక్కన పెట్టి లాకుల ప్లేస్ కలుస్తుందో లేదో చూసుకోండి, మోడల్ మోడల్‌కీ తేడా ఉంటుంది.

ట్యాంక్ సొట్ట చిన్నదైతే పుట్టీతో సరిపోతుంది. గట్టిపడే హార్డనర్ కలిపే బాడీ ఫిల్లర్ ఉంటుంది, షాపుల్లో మెటల్ పేస్ట్ అంటారు, ముందు దాంతో సొట్ట నింపి, మీద సన్న గీతలకి హార్డనర్ లేకుండా దానంతటదే ఆరే ఎన్‌సీ పుట్టీ పల్చగా పూయాలి. ఎన్‌సీ పుట్టీతోనే లోతు సొట్ట మొత్తం నింపేస్తే ఆరే కొద్దీ కుంగిపోయి పగులుతుంది. మెటల్ పేస్ట్ అయినా రెండు మూడు మిల్లీమీటర్లు దాటొద్దు, అంతకంటే లోతుంటే టింకరింగ్ షాపులో, జిగురుతో సొట్టకి అంటించి లాగే గమ్ పుల్లర్‌తో బయటికి లాగించి తర్వాత నింపండి. మెటల్ పేస్ట్ రేకు మీదే పట్టాలి, పాత రంగు మీద కాదు, అందుకని సొట్ట ఉన్న చోటు వరకు 80 నంబర్ (నంబర్ తగ్గే కొద్దీ గరుకు ఎక్కువ) పేపర్‌తో రేకు కనపడేదాకా గీకండి.

రుద్దడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత ఖరీదు పెయింట్ కొట్టినా లాభం లేదు.

చాలా మంది చేసేది ఏంటంటే పాత రంగు మొత్తం రేకు దాకా గీకేస్తారు, రోజంతా పోతుంది, అవసరమే లేదు. కంపెనీ పెయింట్ గట్టిగా పట్టి ఉంటే దానికంటే మంచి ప్రైమర్ మీకు బజార్లో దొరకదు, దాని మెరుపు పోయేదాకా 400 నంబర్ వాటర్ పేపర్‌తో తడిపి రుద్దితే చాలు. పెచ్చులు లేచిన చోట, తుప్పు ఉన్న చోట మాత్రం గీకాలి, తుప్పు అంతా పోయి మెరిసే రేకు కనపడాలి, చుట్టూ ఉన్న పాత రంగు అంచుని 220, 320, 400 వరసగా రుద్దుతూ పోతే మెట్టు లేకుండా కలిసిపోతుంది, కళ్ళు మూసుకుని వేలితో తడిమితే అంచు తగలకూడదు. కంటికంటే వేలికే బాగా తెలుస్తుంది.

చేత్తో పేపర్ పట్టుకుని రుద్దితే వేళ్ళ గాడులు పడతాయి. పాత హవాయి చెప్పు అడుగు కోసి ముక్క చేసుకోండి, దానికి పేపర్ చుట్టి రుద్దండి, ట్యాంక్ వంపులకి సరిగ్గా ఒదుగుతుంది, పైసా ఖర్చు లేదు. నీళ్ళల్లో కొంచెం సబ్బు కలిపితే పేపర్ ఎక్కువసేపు వస్తుంది. ప్లాస్టిక్ పార్టులకి 220 లాంటి గరుకు పేపర్ వద్దు, 400తో మొదలుపెట్టి 600తో ఆపండి.

పాత ఓనర్ ఎవరైనా ముందే ఒకసారి రీపెయింట్ చేయించి ఉంటే ఒక టెస్ట్ చేయండి. కనపడని మూల థిన్నర్ గుడ్డతో రుద్దండి, రంగు గుడ్డకి అంటుకున్నా, ముడతలు పడినా ఆ పెయింట్ మీద మీ కొత్తది నిలవదు, అది మొత్తం తీయాల్సిందే. ఈ టెస్ట్ ట్యాంక్ మీదే, ప్లాస్టిక్ మీద థిన్నర్ ఎక్కువ వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది.

ప్రైమర్

రేకు బయటపడ్డ చోట అదే రోజు ప్రైమర్ పడాలి. వైజాగ్, కాకినాడ, బందరు లాంటి సముద్రం గాలి ఊళ్ళల్లో అయితే రాత్రి వదిలేస్తే పొద్దున్నకి సన్నటి తుప్పు పట్టేసి ఉంటుంది. రెండు మూడు పల్చటి కోట్లు కొట్టి, బాగా ఆరాక, మీద నల్ల స్ప్రే దూరం నుంచి చిలకరించినట్టు చాలా పల్చగా వేయండి. ఇప్పుడు 600తో తడిపి రుద్దితే ఎత్తు ఉన్న చోట నలుపు పోతుంది, గుంట ఉన్న చోట నలుపు మిగిలిపోతుంది. మీ కంటికి కనపడని సొట్టలన్నీ అప్పుడు బయటపడతాయి, అక్కడ ఎన్‌సీ పుట్టీ గీసి మళ్ళీ ప్రైమర్. ఈ ఒక్క పని చేసినవాళ్ళ ట్యాంకు చూస్తే షాపులో చేయించినట్టే ఉంటుంది.

కలర్ కొట్టడం

ఇక్కడ రెండు దార్లు ఉన్నాయి. ఒకటి స్ప్రే డబ్బాలతో మీరే కొట్టుకోవడం, రెండోది ఇక్కడి దాకా మీరు చేసి, రుద్దిన పార్టులు తీసుకెళ్ళి గన్, కంప్రెసర్ ఉన్న పెయింటర్ దగ్గర కలర్, క్లియర్ మాత్రం కొట్టించుకోవడం. నా ఓటు రెండోదానికే. పెయింటర్ తీసుకునే లేబర్‌లో పెద్ద భాగం విప్పడం, రుద్దడం, బిగించడానికే పోతుంది, అది మీరే చేసేస్తే చాలా తగ్గుతుంది, ఫినిషింగ్ మాత్రం గన్‌ది వస్తుంది. ముందే మాట్లాడుకోండి, మెటీరియల్ నాదే అని కూడా చెప్పండి, ఆటో పెయింట్ షాపుల్లో సైడ్ ప్యానెల్ తీసుకెళ్తే రంగు కలిపి ఇస్తారు.

డబ్బాలతోనే అనుకుంటే ట్యాంక్, రెండు సైడ్ ప్యానెల్స్, టెయిల్ ప్యానెల్స్, హెడ్‌లైట్ డూమ్ కలిపి ప్రైమర్ రెండు, కలర్ మూడు పెట్టుకోండి. కలర్ మధ్యలో అయిపోతే అదే బ్రాండ్‌లో అదే నంబర్ దొరకకపోవచ్చు, అందుకే ఒకటి ఎక్కువే తెచ్చుకోండి. డబ్బాని కాసేపు గోరువెచ్చని నీళ్ళల్లో ఉంచితే స్ప్రే సన్నగా వస్తుంది, మరిగే నీళ్ళల్లో, ఎండలో మాత్రం పెట్టొద్దు. లోపల గోళీ చప్పుడు మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు ఊపండి.

దూరం ఓ 20 నుంచి 25 సెంటీమీటర్లు, అంటే జానెడు. పార్ట్ బయట నొక్కడం మొదలుపెట్టి, చెయ్యి ఆగకుండా తీసుకెళ్ళి, పార్ట్ దాటాక వదలాలి, తర్వాతి వరస ముందు వరసని సగం కప్పుతూ రావాలి. మొదటి కోటుకి కింద ప్రైమర్ కనపడుతూనే ఉంటుంది, కంగారుపడి అప్పుడే నింపేయాలని చూడొద్దు, కారిపోయేది అక్కడే. కోటుకి కోటుకి పది పదిహేను నిమిషాలు వదిలి మూడు నాలుగు పల్చటి కోట్లు.

టైమ్ కూడా చూసుకోండి. వర్షాకాలం ముసురులో, తేమ ఎక్కువున్న రోజున కొడితే పెయింట్ మీద తెల్లగా బూజు పట్టినట్టు వస్తుంది, మే నెల మధ్యాహ్నం కొడితే పార్ట్ మీద పడేలోపే గాల్లో ఆరిపోయి గరుకుగా దిగుతుంది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు లోపు, గాలి లేని చోట, నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము లేవకుండా చేసుకుని కొట్టండి.

స్టిక్కర్లు మీ ఊళ్ళో రేడియం షాపులో కట్ చేయించుకోవచ్చు, పేరు, గీతలు, పాత స్ప్లెండర్ డిజైన్ ఏదైనా కోసిస్తారు. కలర్ బాగా ఆరాక స్టిక్కర్ వేసి దాని మీద క్లియర్ కొడితే అంచు లేవదు, ఏళ్ళ తరబడి ఉంటుంది. కాకపోతే ఆ రేడియం ముక్క మీద ముందు కొంచెం క్లియర్ కొట్టి ముడత పడుతుందో లేదో చూసుకోండి.

టూకే క్లియర్

మామూలు క్లియర్ స్ప్రే పెట్రోల్‌కి తట్టుకోదు. ఎన్ని కోట్లు కొట్టినా మూత దగ్గర ఒక్కసారి పొంగితే మెత్తబడి లేచిపోతుంది. హార్డనర్ కలిసే టూకే క్లియర్ మాత్రమే నిలుస్తుంది. డబ్బాలో కూడా వస్తుంది, కింద ఉన్న పిన్ నొక్కితే లోపల హార్డనర్ కలుస్తుంది, ఒకసారి కలిపాక ఎక్కువ టైమ్ ఉండదు, గట్టిపడిపోతుంది, అందుకే అన్ని పార్టులూ రెడీ అయ్యాకే నొక్కండి. మామూలు డబ్బా కంటే రెండు మూడింతలు రేటు ఉంటుంది. డబ్బులు సరిపోకపోతే ట్యాంక్ వరకైనా ఇదే కొట్టి, ప్యానెల్స్‌కి మామూలు క్లియర్ పెట్టుకోండి.

ఇది కొట్టేటప్పుడు జాగ్రత్త గట్టిగా చెప్తున్నాను. హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా దాకా తెస్తాయి, కర్చీఫ్ కట్టుకోవడం, కరోనా మాస్క్ వీటిని ఆపవు. కార్ట్రిడ్జ్ ఉండే పెయింట్ మాస్క్, కళ్ళద్దాలు, గ్లౌజులు పెట్టుకుని ఆరుబయటే కొట్టాలి, పిల్లలు ఉన్న ఇంట్లో, వంటగది పక్కన వద్దు. మాస్క్ కొనే ఉద్దేశం లేకపోతే క్లియర్ పెయింటర్ దగ్గరే కొట్టించండి.

క్లియర్ పడ్డాక ట్యాంక్ రెండు రోజులు ముట్టుకోవద్దు, పెట్రోల్ పోయడానికి వారం ఆగండి. ఆ తర్వాత దుమ్ము రవ్వలు ఉంటే 2000 నంబర్ పేపర్‌తో తడిపి మెల్లగా తీసి రబ్బింగ్ కాంపౌండ్, ఆపైన వ్యాక్స్. అంచుల మీద రుద్దకండి, అక్కడ పెయింట్ పల్చగా ఉంటుంది, వెంటనే లేచిపోతుంది.

మిగతా బండి

సైలెన్సర్ వెలిసిపోతే వైర్ బ్రష్ కొట్టి 600 డిగ్రీల వేడి తట్టుకునే మాట్ బ్లాక్ స్ప్రే కొట్టండి, అది ఇంజిన్ వేడికే గట్టిపడుతుంది. క్రోమ్ మీద పైపై తుప్పుకి అల్యూమినియం ఫాయిల్ నలిపి నీళ్ళల్లో ముంచి రుద్దితే పోతుంది. ఛాసిస్‌కి నల్ల పెయింట్ వేసేటప్పుడు స్టీరింగ్ మెడ దగ్గర కొట్టి ఉండే ఛాసిస్ నంబర్ మీద, అలాగే ఇంజిన్ నంబర్ మీద టేప్ వేసి కప్పండి, అక్కడ గీకడం, పుట్టీ పూయడం అస్సలు చేయొద్దు, నంబర్ అరిగినట్టు కనపడితే దొంగ బండి అనే అనుమానం వస్తుంది.

లుక్ కోసం శారీ గార్డ్, వెనక పట్టుకునే హ్యాండిల్ తీసేయడం ఒక ఫ్యాషన్ అయిపోయింది. ముందు చెప్పిన సెంట్రల్ రూల్స్‌లోనే రూల్ 123 ప్రకారం వెనక చక్రం సగం వరకు కప్పే గార్డ్, పట్టుకోవడానికి హ్యాండిల్, ఫుట్ రెస్ట్ ఉండి తీరాలి, పైగా ఇంట్లో అమ్మో, చెల్లో వెనక కూర్చుంటే చున్నీ చక్రంలో పడకుండా ఆపేది అదే. బాగా తుప్పు పడితే అదే నల్ల స్ప్రే కొట్టి మళ్ళీ బిగించండి. మడ్‌గార్డ్ కోసేయడం, సౌండ్ సైలెన్సర్లు, ఫ్యాన్సీ నంబర్ ప్లేట్లు వీటికి పెట్టే డబ్బుతో కొత్త సీట్ కవర్ వేయించుకోండి, సీటు మారితే పాత బండి వయసు సగం తగ్గినట్టు ఉంటుంది.

బిగించేటప్పుడు ట్యాంక్ కింద రబ్బర్లు గట్టిపడి ఉంటే కొత్తవి వేయండి, లేకపోతే వైబ్రేషన్‌కి రేకు తగిలి కొత్త పెయింట్ అక్కడే లేస్తుంది. పెట్రోల్ పోసి పైపు, కాక్ దగ్గర లీక్ లేదని చూసుకున్నాకే స్టార్ట్ చేయండి. మిగిలిన కలర్‌ని కడిగి ఆరబెట్టిన ఖాళీ నెయిల్ పాలిష్ సీసాలో పోసి పెట్టుకోండి, స్ప్రే అయితే మూతలో కొంచెం కొట్టి దాంట్లోంచి పోయండి, పార్కింగ్‌లో ఎవరైనా గీత పెడితే ఆ బ్రష్‌తోనే దిద్దేసుకోవచ్చు.